నాలుగంకెల పేరు

2023 జూన్ 4, ఆదివారం. మధ్యాహ్నం మూడు దాటింది. ఫెయిర్‌ఫాక్స్‌లో ఒక మిత్రుడింట్లో మా నెలవారీ సాహిత్య సమావేశం. భోజనాలయ్యాయి. గుత్తివంకాయ గిన్నె ఖాళీ అయింది, పెరుగన్నం మాత్రం ఎప్పటిలాగే మిగిలింది. ఒకాయన తను రాసిన కథ చదవడానికి కళ్ళజోడు సవరించుకుంటున్నారు. అంతలో ఆకాశం విరిగిపడినట్టు 'ఢాం' అని ఒక్కటే చప్పుడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పై గదిలో ఆడుకుంటున్న పిల్లలు ఒక్క పరుగున కిందికి వచ్చేశారు.

భూకంపం అన్నారొకరు. ఎక్కడో గ్యాస్ పైపు పేలిందన్నారు ఇంకొకరు. కాసేపటికి వాట్సాప్‌లో వార్త వచ్చింది. ఎవరూ పలకని ఒక చిన్న జెట్ విమానం వాషింగ్టన్ మీదుగా వెళ్ళింది, దాన్ని అందుకోవడానికి ఎఫ్-16 యుద్ధవిమానాలు ధ్వనివేగాన్ని దాటి వెళ్ళాయి, మేము విన్న చప్పుడు అదీ అని. అందరూ నావైపు తిరిగారు. మా బృందంలో నన్ను 'పైలట్‌గారు' అంటారు. నేను తోలేది నాలుగు సీట్ల సెస్నా 172. నన్ను పైలట్ అనడం సైకిల్ తొక్కేవాణ్ణి రవాణాశాఖ అనడం లాంటిదే. అయినా పేరు పడిపోయింది.

ఆ రోజు అక్కడ మిత్రుడి మామగారు ఉన్నారు. కాకినాడలో లెక్చరర్‌గా చేసి రిటైరై, కూతురి పురిటికని వచ్చారు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు: "ఆకాశానికి గోడ ఉందంటున్నారు కదా బాబూ, కంటికి కనపడని గోడ దాటాడని వీళ్ళకెలా తెలుస్తుంది? దాటినవాడు దొంగో, దారి తప్పినవాడో ఎలా తెలుస్తుంది?"

మొదటి ప్రశ్నకి తడుముకుంటూ ఏదో చెప్పాను. రెండోదానికి చెప్పలేకపోయాను. ఆ గోడని ఒకసారి నేనే దాటాను గనక. ఆ సంగతి అంతవరకూ మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు బాబాయిగారికి ఇవ్వలేని జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

గోడ కాదు, వలయాలు

వాషింగ్టన్ చుట్టూ ఉన్నవి మూడు పొరలు. ఉల్లిపాయలా ఊహించుకోండి.

అన్నిటికంటే లోపలిది నిషిద్ధ ప్రాంతం. వైట్‌హౌస్, కాపిటల్ భవనం, వాటి మధ్య ఉన్న పచ్చిక మైదానం దీని కిందికి వస్తాయి. ఉపాధ్యక్షుడి నివాసం ఉన్న నేవల్ అబ్జర్వేటరీకి విడిగా ఒక చిన్న వృత్తం ఉంది. మ్యాపులో వీటి పేరు పి-56. ఇది 2001 సెప్టెంబర్ 11 తర్వాత పుట్టింది కాదు, అంతకు ముందెప్పటినుంచో ఉంది. ఉన్నా, 1994 సెప్టెంబర్ 12 తెల్లవారుజామున ఒక మనిషి దొంగిలించిన సెస్నా 150ని తెచ్చి వైట్‌హౌస్ దక్షిణపు పచ్చికలో కూల్చాడు. చనిపోయింది అతనొక్కడే. మ్యాపు మీద గీసిన గీత దానంతటది ఎవరినీ ఆపదని ఆనాడే తేలింది.

దాని చుట్టూ రెండో పొర. నగరం మధ్య నుంచి దాదాపు 13 నుంచి 15 నాటికల్ మైళ్ళ దాకా ఉంటుంది. దీన్ని పైలట్లు ముద్దుగా 'ఫ్రీజ్' అంటారు. లాన్‌హమ్‌లో మనందరం వెళ్ళే శివవిష్ణు ఆలయం ఈ పొరలోనే ఉంది. నాలాంటి వాళ్ళు ఇందులోకి ఊరికే పోకూడదు. వేలిముద్రలిచ్చి, పూర్వాపరాలు తనిఖీ చేయించుకుని, రహస్య సంఖ్య తీసుకున్నవాళ్ళే ఇందులోని చిన్న విమానాశ్రయాలకు వెళ్ళగలరు. 'మేరీలాండ్ త్రీ' అని అటువంటివి మూడు ఉండేవి. వాటిలో ఒకటి 2022లో మూతబడింది. మిగిలిన రెండింటిలో ఒకటైన కాలేజ్ పార్క్ ప్రపంచంలో నేటికీ పనిచేస్తున్న విమానాశ్రయాలన్నిటిలోకీ పాతది. 1909లో విల్బర్ రైట్ అమెరికా సైన్యాధికారులకు విమానం నడపడం నేర్పింది అక్కడే. విమానవిద్యకు అక్షరాభ్యాసం జరిగిన ఆ నేలకి ఇవాళ వేలిముద్రలిస్తే తప్ప ప్రవేశం లేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. రీగన్ విమానాశ్రయం దగ్గరున్న రేడియో దిక్సూచి కేంద్రంగా 30 నాటికల్ మైళ్ళ వృత్తం, అంటే 55 కిలోమీటర్లు. నేలనుంచి 18 వేల అడుగుల దాకా ఇదే. ఇరాక్ యుద్ధానికి ముందు, 2003 ఫిబ్రవరిలో, దీన్ని తాత్కాలికమని చెప్పి పెట్టారు. 2009 ఫిబ్రవరిలో శాశ్వతం చేశారు. ఎస్ఎఫ్ఆర్ఏ అని దీని పేరు. హెర్న్‌డన్, స్టెర్లింగ్, యాష్‌బర్న్, షాంటిలీ, మన సాఫ్ట్‌వేర్ జనం ఇళ్ళు కొనుక్కున్న ఊళ్ళన్నీ దీని నీడలోనే ఉన్నాయి.

ఈ మూడో పొరలో ఎవరైనా ఎగరొచ్చు. కాకపోతే నియమాలున్నాయి. ముందుగా ప్రత్యేక ఫ్లైట్ ప్లాన్ దాఖలు చెయ్యాలి. వెళ్ళడానికొకటి, తిరిగి రావడానికొకటి. పొటోమాక్ అప్రోచ్ అనే రాడార్ కేంద్రంతో రేడియోలో మాట్లాడుతూ ఉండాలి. వాళ్ళిచ్చిన నాలుగంకెల సంఖ్యని విమానంలో ఉండే ట్రాన్స్‌పాండర్ అనే పెట్టెలో పెట్టాలి. వేగం 180 నాట్లు దాటకూడదు. అసలు నగరానికి 60 నాటికల్ మైళ్ళ లోపు చూపుమీద ఆధారపడి ఎగిరే ప్రతి పైలటూ ఈ నియమాల మీద ఒక కోర్సు చదివి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. వృత్తంలోకి వచ్చే ద్వారాలకి పేర్లు కూడా ఉన్నాయి: ఫ్లూకీ, జేసెన్, ఊలీ. ఇంగ్లీషులోనూ వీటికి అర్థం వెతకనక్కరలేదు, అయిదక్షరాల గుర్తులంతే.

చిలక పలుకు

ఇప్పుడు బాబాయిగారి మొదటి ప్రశ్న. దాటాడని ఎలా తెలుస్తుంది?

రాడార్లు రెండు రకాలు. మొదటి రకం అరుపు, ప్రతిధ్వని. కొండకెదురుగా నిలబడి కేకేస్తే తిరిగి వినిపించినట్టు, రేడియో తరంగం విమానాన్ని తాకి వెనక్కి వస్తుంది. అక్కడేదో ఉందని తెలుస్తుంది గానీ అదెవరో తెలియదు. రెండోది ప్రశ్న, జవాబు. కింద నుంచి 1030 మెగాహెర్ట్జ్ మీద "ఎవరు నువ్వు?" అని అడుగుతారు. విమానంలోని పెట్టె 1090 మెగాహెర్ట్జ్ మీద నాలుగంకెలు చెబుతుంది, దాంతోపాటు ఎంత ఎత్తులో ఉన్నదీ చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో తనవాడెవరో పగవాడెవరో తెలుసుకోవడానికి పుట్టిన పద్ధతి ఇది. ఆ పరికరానికి అప్పట్లో రహస్యనామం 'చిలక'. అందుకే ఈ రోజుకీ ఆ సంఖ్య చెప్పడాన్ని స్క్వాక్ అంటారు, అంటే చిలక అరుపు.

నా తోటి ఇంజనీర్ల కోసం ఒక ముచ్చట. ఈ అంకెలు సున్నా నుంచి ఏడు వరకే ఉంటాయి, ఎనిమిది తొమ్మిది ఉండవు. నాలుగు స్థానాలు, ఒక్కోదానికి ఎనిమిది అవకాశాలు: మొత్తం 4,096 సంఖ్యలు. అక్షరాలా పన్నెండు బిట్లు. కాలేజీలో ఆక్టల్ లెక్కలు చేస్తూ ఇవెందుకు పనికొస్తాయిరా అని తిట్టుకున్నవాడికి ఆకాశంలో జవాబు దొరికింది.

కొన్ని సంఖ్యలకి అందరికీ తెలిసిన అర్థాలున్నాయి. 7500 అంటే హైజాక్, 7600 అంటే రేడియో పనిచేయడం లేదు, 7700 అంటే ఆపద. 1200 అంటే "నేను ఎవరితోనూ మాట్లాడటం లేదు, కళ్ళతో చూసుకుంటూ నా మానాన నేను పోతున్నాను" అని. అమెరికాలో ఎక్కువచోట్ల చిన్న విమానాలు ఈ 1200తోనే హాయిగా తిరుగుతాయి. వాషింగ్టన్ వలయంలో మాత్రం అదే 1200 నేరం. అక్కడ ఎవరి సంఖ్య వారికి ఉండాలి. సంఖ్య లేని చుక్క తెరమీద కనపడిందంటే ఎవరో ఒకరు ఫోనెత్తుతారు.

దాంతో ఏం మొదలవుతుందో వరసగా చెబుతాను. ముందు 121.5 అనే అత్యవసర తరంగం మీద పిలుస్తారు. నేలమీద నుంచి లేజర్ కాంతి వేస్తారు: ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఇది 2005 మే 21 నుంచి వాడుకలో ఉంది. కోస్ట్‌గార్డ్ హెలికాప్టరో, యుద్ధవిమానమో వచ్చి పక్కన నిలిచి రెక్కలు ఊపుతుంది. మనమూ రెక్కలూపి, అది ఎటు తీసుకెళ్తే అటు పోవాలి. ఆ తర్వాతి మెట్టు గురించి కోర్సులో ఒక్క వాక్యమే ఉంటుంది. కూల్చే అధికారం వాళ్ళకుందని. ఆ వాక్యం చదివాక ఎవరికైనా గొంతు తడారుతుంది.

దారి తప్పినవాళ్ళు

2005 మే 11న పెన్సిల్వేనియాలోని స్మోక్‌టౌన్ నుంచి ఒక సెస్నా 150 బయల్దేరింది. అందులో ఒక పెద్దాయన, ఇంకా నేర్చుకుంటున్న ఒక విద్యార్థి. వాళ్ళు పోవలసింది నార్త్ కెరొలైనాలో విమానాల ప్రదర్శనకి. దారి తప్పి, వలయాలన్నీ దాటుకుంటూ వైట్‌హౌస్‌కి మూడు మైళ్ళ దాకా వచ్చేశారు. కాపిటల్ భవనంలోంచి సెనేటర్లు, సిబ్బంది, సందర్శకులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తారు. ఎఫ్-16లు ఎదురుగా వచ్చి మంటల గోళాలు విడిచాయి. చివరికి విమానాన్ని మేరీలాండ్‌లోని ఫ్రెడరిక్‌లో దింపించి ఇద్దరికీ బేడీలు వేశారు. విచారిస్తే తేలింది, వాళ్ళెక్కడున్నారో వాళ్ళకే తెలియదని. పెద్దాయన లైసెన్స్ రద్దయింది. విద్యార్థి మీద కేసు పెట్టలేదు. ఆ సమయంలో అధ్యక్షుడు బుష్ మేరీలాండ్‌లో సైకిల్ తొక్కుకుంటున్నారు. గొడవంతా సద్దుమణిగాక గానీ ఆయనకి చెప్పలేదు.

అంతకు ముందు ఏడాది, 2004 జూన్ 9న, రీగన్ అంత్యక్రియల కోసం కెంటకీ గవర్నర్ ఎర్నీ ఫ్లెచర్ వస్తున్న విమానంలో ట్రాన్స్‌పాండర్ సరిగా పనిచెయ్యలేదు. కంట్రోలర్లకి అదెవరిదో తెలుసు. ఆ మాట అందవలసిన చోటికి అందలేదు. మళ్ళీ కాపిటల్ ఖాళీ. 2022 ఏప్రిల్ 20న బేస్‌బాల్ మైదానంలో దూకడానికి సైన్యంవారే పారాచూట్ బృందాన్ని విమానంలో పంపితే, కాపిటల్ పోలీసులకి ముందు కబురు లేక మళ్ళీ పరుగులు. అంటే ఆకాశంలో ఉన్నవాడు నియమం పాటించినా, నేలమీద ఒక ఫోన్ చెయ్యకపోతే వాడు అనుమానితుడే.

2001 సెప్టెంబర్ 12 నుంచి 2004 చివరి వరకు దేశమంతటా నిషిద్ధ గగనతలాల ఉల్లంఘనలు సుమారు 3,400 జరిగాయని, వాటిలో 88 శాతం చిన్న విమానాల వాళ్ళవేనని అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జీఏఓ 2005లో చెప్పింది. వాటిలో ఒక్కటీ ఉగ్రవాద దాడి కాదు. మబ్బు తప్పించుకోబోయినవాళ్ళు, పాత మ్యాపు నమ్ముకున్నవాళ్ళు, రేడియో మీట తప్పు నొక్కినవాళ్ళు.

ఇక నిజంగా కావాలని వచ్చినవాడి సంగతి. 2015 ఏప్రిల్ 15న ఫ్లోరిడాకి చెందిన ఒక పోస్ట్‌మన్ గెటిస్‌బర్గ్ నుంచి జైరోకాప్టర్ ఎక్కాడు. అది తలమీద పంకా ఉన్న మోటార్‌సైకిల్ లాంటిది. ఎన్నికల్లో డబ్బు ప్రభావాన్ని నిరసిస్తూ కాంగ్రెస్ సభ్యులకు 535 ఉత్తరాలు మూటగట్టుకుని తిన్నగా వచ్చి కాపిటల్ పచ్చికలో దిగాడు. ఎవరూ ఆపలేదు. రాడార్‌కి కనపడకనా? కనపడింది. కాకపోతే పక్షుల్నీ మబ్బుల్నీ తీసేసే జల్లెడ దాన్నీ తీసేసింది. అంత చిన్నది, అంత నెమ్మదిది.

నా వృత్తిలో ఇది రోజూ చూసే బాధే. జల్లెడ కన్నాలు చిన్నవి చేస్తే ప్రతి కొంగా శత్రువే. పెద్దవి చేస్తే జైరోకాప్టర్ జారిపోతుంది. రెండు తప్పుల్లో ఏ తప్పు భరించగలమో ముందే నిర్ణయించుకోవాలి. రెండూ లేని జల్లెడ ఇంతవరకూ ఎవరూ తయారుచెయ్యలేదు.

నా గీత

ఇప్పుడు నా కథ. చిన్నప్పుడు మా ఇల్లు హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయం దగ్గర. డాబా ఎక్కితే విమానాల పొట్టలు కనిపించేవి. ఇంజనీరింగ్ అయ్యాక అందరిలాగే ఇక్కడికొచ్చాను. 2014లో, గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాక, ఫ్లయింగ్ నేర్చుకుంటానంటే మా అమ్మ ఫోన్లో, "ఆ రోజుల తర్వాత మనవాళ్ళకి ఎందుకు నాన్నా ఆ విద్య? నీ రంగు చూసి ఎవరేమనుకుంటారో" అంది. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. ఆ హైజాకర్లలో కొందరు అమెరికా ఫ్లయింగ్ స్కూళ్ళలోనే నేర్చుకున్నారు గనక, పౌరసత్వం లేనివాళ్ళు విమానం నేర్చుకోవాలంటే భద్రతాశాఖ అనుమతి కావాలి. వేలిముద్రలిచ్చాను. పాస్‌పోర్ట్ కాగితాలు పంపాను. మొదటి పాఠం రోజున, నేనే ఆ మనిషినని నా ఫొటో తీసి పంపారు. పెద్ద విమానాశ్రయాల్లో భద్రతా వరసలో 'యాదృచ్ఛికంగా' నన్నే పక్కకి పిలవడం అప్పటికే అలవాటు గనక, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

2021 అక్టోబర్. ఆకులు రంగులు మారే వారం. అప్పటికి పౌరుణ్ణయ్యాను. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఇద్దరం మనాసస్ నుంచి లురే వెళ్ళాం. షెనాండోవా కొండలు పైనుంచి చూస్తే కుంకుమ, పసుపు ఆరబోసినట్టున్నాయి. తిరుగు ప్రయాణానికి ప్లాన్ దాఖలు చేశాను. గీతకి పది మైళ్ళ ముందు పొటోమాక్‌ని పిలిచాను. నా విమానం సంఖ్య పలికి, "స్టాండ్‌బై" అన్నారు. అంటే ఆగు, పనిలో ఉన్నాను అని.

నియమం ఏమిటంటే, సంఖ్య ఇచ్చేదాకా గీత బయటే చక్కర్లు కొట్టాలి. కోర్సులో ఇదే ప్రశ్నకి నేను సరైన జవాబు గుర్తుపెట్టాను కూడా. కానీ నా విమానం పేరు పలికారు కదా, నన్ను చూశారు కదా అని మనసు సర్దిచెప్పుకుంది. వెనక పడమటి గాలి తోస్తోంది. నిమిషానికి రెండు మైళ్ళు పోతున్నాం. మా అమ్మాయి కిందున్న గుర్రాల కొట్టం చూపించి ఏదో అడిగింది, నేను వంగి చూశాను. తలెత్తేసరికి గీత లోపల దాదాపు ఒక మైలు ఉన్నాను, పెట్టెలో 1200తో.

రేడియోలో గొంతు మారలేదు. సంఖ్య ఇచ్చారు. పెట్టాను. ఆ వెంటనే, "పైలట్ డీవియేషన్ జరిగి ఉండవచ్చు, దిగాక ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అని ఒక ఫోన్ నంబర్ చదివారు. రాసుకుంటుంటే నా పెన్ను వణికింది. హెడ్‌ఫోన్స్‌లో అంతా విన్న మా అమ్మాయి అడిగింది: "డాడీ, వాళ్ళు మనల్ని చెడ్డవాళ్ళనుకున్నారా?"

లేదమ్మా అన్నాను. నాకు తెలిసి కాదు, ఏదో ఒకటి చెప్పాలి గనక.

దిగాక కారులో కూర్చుని ఫోన్ చేశాను. పేరడిగారు. మన ఇంటిపేరూ పేరూ కలిపితే ఇరవై అక్షరాలు. ఆల్ఫా, బ్రావో అంటూ ఒక్కో అక్షరం చెప్పాను. చెప్పడమైపోయాక అవతల ఒక మౌనం వస్తుందని ఎదురుచూశాను. ఇన్నేళ్ళలో ఆ మౌనం నాకు బాగా తెలుసు. రాలేదు. "స్టాండ్‌బై అన్నాక ఏం చేసి ఉండాల్సింది?" అని మాత్రం అడిగారు. చెప్పాను. "సరే, ఇంకోసారి అలాగే చెయ్యండి" అన్నారు.

ఆ రాత్రే నాసా నడిపే విమాన భద్రతా నివేదికల వ్యవస్థకి జరిగింది జరిగినట్టు రాసి పంపాను. 1976 నుంచి ఉన్న మంచి ఏర్పాటు ఇది. కావాలని చేయని తప్పుని పది రోజుల్లోగా మనంతట మనమే రాసిస్తే, తప్పు రుజువైనా శిక్ష మామూలుగా అమలు కాదు. అదే తప్పు ఇంకొకరు చెయ్యకుండా పాఠం అవుతుంది. తర్వాత ఒక ఇన్‌స్పెక్టర్ పిలిచి మాట్లాడారు. కోర్సు మళ్ళీ చదవమన్నారు, ఒక శిక్షకుడితో రెండు గంటలు ఎగరమన్నారు. అంతే. మొదటి సంవత్సరాల్లో అయితే ఇదే తప్పుకి లైసెన్స్ కొన్నాళ్ళు పక్కన పెట్టేవాళ్ళు. 2015 నుంచి, నిజాయితీగా ఒప్పుకున్నవాడికి ముందు దిద్దుబాటు, ఆ తర్వాతే శిక్ష అనే పద్ధతి వచ్చింది.

అసలు శిక్ష ఇంట్లో పడింది. మా ఆవిడ అరవలేదు. "ఏమండీ, మీ సరదా మీది. అందులో పిల్ల కూడా ఉంది" అంది. నాలుగు నెలలు విమానం ముట్టుకోలేదు.

గోడ ఎవరిని ఆపుతుంది?

ఆ నాలుగు నెలలూ ఆలోచించాను. ఈ గోడ దండగ అనేవాళ్ళ వాదన నాకు తెలుసు. అందులో బలం కూడా ఉంది. నా సెస్నా నిండా మనుషుల్నీ పెట్రోలునీ నింపినా 2,550 పౌండ్లకి మించకూడదు. మన వాకిట్లో ఉండే టొయోటా సియెన్నా ఖాళీగానే అంతకంటే చాలా బరువు. నా ట్యాంకులు రెండూ కలిపి 56 గ్యాలన్లు. న్యూయార్క్ జంట భవనాలని కొట్టిన ఒక్కో బోయింగ్ 767లో దాదాపు పదివేల గ్యాలన్లున్నాయి. 2002 జనవరి 5న టాంపాలో పదిహేనేళ్ళ కుర్రాడు సెస్నాతో ఒక బ్యాంకు భవనంలోకి దూసుకెళ్తే చనిపోయింది ఆ పిల్లవాడొక్కడే. ఈపాటి విమానానికి ఇంత హడావుడా అనేది వాళ్ళ ప్రశ్న.

దానికి నా జవాబు ఇది. ఈ వలయం దొంగని ఆపడానికి కట్టింది కాదు. దొంగ నియమం చదవడు. మంచివాళ్ళందరూ తమ సంఖ్య చెబితే, చెప్పనివాడు విడిగా కనిపిస్తాడు. అదీ దీని కిటుకు. దాటినవాడి మనసులో ఏముందో రాడార్‌కి తెలియదు, బాబాయిగారూ. తెలిసేది వాడు చెప్పిందే, లేకపోతే చెప్పలేదన్నదే. దొంగా, దారి తప్పినవాడా అని తేల్చుకోవడానికి కింది మనిషికి కొన్ని నిమిషాలు కావాలి. 30 మైళ్ళ వృత్తం కొంటున్నది ఆ నిమిషాలనే. నా సెస్నా వేగానికి గీత నుంచి నగరం మధ్యకి పావుగంట. ఆ పావుగంట నాకోసం కూడా. పొరపాటు చేసినవాణ్ణి పొరపాటు చేసినవాడిగా గుర్తించడానికి కావలసిన వ్యవధి అది.

ఆ రోజు మేము విన్న చప్పుడు సంగతి కూడా అదే. ఆ జెట్ టెనెసీ నుంచి లాంగ్ ఐలండ్ వెళ్ళి, అక్కడ దిగకుండా వెనక్కి తిరిగి, 34 వేల అడుగుల ఎత్తున వాషింగ్టన్ దాటింది. అంత ఎత్తు మా వలయం కిందికి రాదు. పిలిస్తే పలకలేదు గనక యుద్ధవిమానాలు వెళ్ళాయి. అప్పటికే లోపల గాలి ఒత్తిడి పోయి అందరూ స్పృహ తప్పి ఉంటారని దర్యాప్తు చేసినవాళ్ళు భావించారు. అది వర్జీనియా కొండల్లో కూలింది. పసిబిడ్డతో సహా నలుగురు పోయారు. వాళ్ళు శత్రువులు కారు, ఆపదలో ఉన్నవాళ్ళు. కూల్చే అధికారం ఉన్నవాళ్ళు పక్కన ఎగురుతూ, మంటలు విడుస్తూ, లేపడానికి ప్రయత్నించారు. లేవలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2025 జనవరి 29 రాత్రి, రీగన్ విమానాశ్రయం దగ్గర నది మీద, విచిటా నుంచి వస్తున్న ప్రయాణికుల విమానం, సైన్యం హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. దేశంలోకెల్లా గట్టి కాపలా ఉన్న ఆకాశంలోనే. ఇద్దరికీ అనుమతి ఉంది. ఇద్దరూ ఒకే టవర్‌తో మాట్లాడుతున్నారు. బయటివాడు ఎవడొస్తాడా అని ఇరవై ఏళ్ళు చూసిన ఆకాశంలో ప్రమాదం లోపలివాళ్ళ మధ్యే జరిగింది. గోడ ఎంత ఎత్తుగా ఉన్నా ఇంట్లో దీపం చూసుకోవడం మానకూడదు.

బాబాయిగారికి చెప్పాలనుకున్న మాట ఇంకొకటుంది. నేలమీద నా పేరూ నా రంగూ నాకంటే ముందు నడుస్తాయి. ఆకాశంలో నాకు మొహం లేదు. నాలుగంకెలున్నాయి, అవీ ప్రయాణం అయ్యేదాకానే. ఇది చిన్నతనమని మొదట్లో అనిపించేది. ఫోన్లో ఆ మౌనం రాని రోజు నుంచి అలా అనిపించడం లేదు. నేను చేసిన తప్పు పేరు నా తప్పే అయింది, నా పేరు కాలేదు. అమ్మకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. "అయితే సరే, ఆ నంబరేదో మర్చిపోకు" అంది.

ఫిబ్రవరిలో మళ్ళీ ఎగిరాను. ఏప్రిల్లో మా అమ్మాయి తనే వస్తానంది. వాళ్ళమ్మ ఒక షరతు పెట్టింది: గుర్రాలూ కొట్టాలూ దిగాక. అప్పటినుంచి తిరుగు ప్రయాణంలో మ్యాపు తన ఒళ్ళోనే ఉంటుంది. కొండలు దాటగానే మొదలుపెడుతుంది: "డాడీ, గీత ఇంకా అయిదు మైళ్ళు. నంబర్ ఇచ్చారా?"

ఇవ్వలేదంటే, "అయితే తిప్పు" అంటుంది. తిప్పుతాను. పొలాల మీద ఒక చక్కరు, రెండు చక్కర్లు. పెట్రోలు ఖర్చే. కాసేపటికి రేడియోలో నాలుగంకెలు వస్తాయి. తను పైకి చదువుతుంది, నేను పెడతాను. అప్పుడు ఇంటికి పోతాం.